పింకీ ఒక్కపొద్దు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కొత్తగా ఉద్యోగం. (ఉద్యోగమంటే పాఠాలు చెప్పడం కాదు, మెట్రో మెట్ల దగ్గర నిలబడి కరపత్రాలు పంచడం. కానీ కొత్తపేటలో నేను కిరాయికి ఉన్న ఇంటి ఓనరమ్మ నన్ను "సారూ" అనే పిలిచేది, నేనూ కాదనలేదు.) సారు అన్నాక సలహాలివ్వాలి కదా. గ్యాస్ బుకింగ్ నుంచి మోకాళ్ల నొప్పుల దాకా ఆమె అడగడమే ఆలస్యం, చెప్పేసేవాణ్ని.

ఓనరమ్మకు పింకీ అనే కుక్క ఉండేది. అంతకుముందు ఏడాది అది ఐదు పిల్లల్ని పెడితే నాలుగు మెయిన్ రోడ్డు మీద బండ్ల కింద పడ్డాయట. అందుకే, పెంపుడు కుక్కలకు పిల్లలు పుట్టకుండా బల్దియా (మున్సిపాలిటీ) వాళ్లు తక్కువ ఫీజుతో ఆపరేషన్ చేస్తారని తెలియగానే, "సారూ, జర నువ్వే పేరు రాయించు. దానికి గా కడుపుకోత మళ్లొద్దు" అని నా చేతులు పట్టుకుంది. రెండు వారాలు తిరిగి ఒక శనివారానికి రాయించాను. "ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టకండి. మత్తు ఇస్తాం, కడుపులో తిండి ఉంటే ప్రాణానికే ముప్పు" అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నేనూ ఓనరమ్మకు రెండుసార్లు చెప్పాను.

"శనివారం నాకు ఒక్కపొద్దే గద సారూ. నాతోటి అది గూడ ఉంటది" అంది.

ఆ ఇంట్లో ఒక్కపొద్దు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. పగలంతా అన్నం ముట్టరు, అంతే. పొద్దున ఉప్మా, తర్వాత అరటిపళ్లు, నడుమ గ్లాసెడు పాలు. మామూలు రోజులకంటే ఆ రోజే తిండి ఎక్కువ. శనివారం నేను కిందికి దిగేసరికి పింకీ గిన్నె నిండా ఉప్మా. "అన్నం మెతుకు సుత ముట్టియ్యలే" అంటూ నా చేతిలోనూ ఒక ప్లేటు పెట్టింది. జీడిపప్పు వేసిన ఉప్మా. 'ఇది కూడా తిండేనమ్మా' అనాల్సినవాణ్ని. అంటే ఆ రోజుకి ఆపరేషన్ లేనట్టే, నేను మళ్లీ రెండు వారాలు తిరగాలి. (నోరు కూడా ఖాళీగా లేదు.) పింకీ, నేను పక్కపక్కనే తినేశాం.

"ఏమన్నా పెట్టారా?" అని ఆసుపత్రిలో డాక్టరమ్మ మా ఇద్దరినీ అడిగింది. "ఏమీ లేదు మేడమ్" అన్నాను. నా మాట పూర్తయిందో లేదో, పింకీ బల్ల మీద అంతా కక్కేసింది, జీడిపప్పుతో సహా. ఆమె జీడిపప్పును చూసింది, నన్ను చూసింది. "మత్తిచ్చాక ఇలా అయ్యుంటే ఊపిరాడక చచ్చిపోయేది. చదువుకున్నవాళ్లేనా మీరు?"

"ఉప్మా తిండెట్లయితది సారూ?" అని ఓనరమ్మ నన్నే అడిగింది. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మళ్లీ తేదీ నెల తర్వాత దొరికింది. ఆలోపే పింకీ గోడ దూకింది. (మా గల్లీలో పెళ్లికొడుకులకు కొదవా!) ఈసారి ఆరు పిల్లలు. అట్టపెట్టెలో పెట్టుకుని రైతుబజారు ముందు నిలబడి, కరపత్రాలు పంచినట్టే అందరినీ బతిమాలాను. రెండింటిని తీసుకున్నారు. మిగతా వాటిలో మూడు, గేటు దాటడం నేర్చుకున్న వారంలోనే రోడ్డు మీద పోయాయి. పింకీ చాలా రోజులు ఇంటి ముందు ఆగిన ప్రతి ఆటో చక్రాన్నీ వాసన చూసేది. ఓనరమ్మ నన్నొక్క మాట అనలేదు. "దాని రాత సారూ" అంది. రాత కాదమ్మా, నేనే అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఉంటున్నాను. పోయిన నెల మా కుక్కకు అదే ఆపరేషన్ చేయించాను. పొద్దున అది ఖాళీ గిన్నె ముందు కూర్చుంటే నాకూ టిఫిన్ సహించలేదు. "ఆపరేషన్ దానికా, మీకా?" అంది మా ఆవిడ. సాయంత్రం ఓనరమ్మకు ఫోన్ చేశాను.

"ఏం పెట్టలేవు గద సారూ?"

"ఏమీ పెట్టలేదమ్మా."

"ఉప్మా గూడ?"

"ఉప్మా కూడా." ఇన్నేళ్లుగా మింగలేకపోయింది చెప్పేశాను. "ఆ రోజు నాకు తెలుసమ్మా. చూసి కూడా చెప్పలేదు."

"గది నాకప్పుడే సమజైంది సారూ" అంది ఆమె. "నీ నోట్ల ఉప్మా ఉండె గద."