తడిబట్ట కప్పిన క్రోసాంట్లు

కుదరబోయే పెళ్లి సంబంధాన్ని నా చేతులతో నేనే ఉడకబెట్టిన వైనం చెబుతాను. ఉడకబెట్టడం అన్న మాట ఊరికే వాడలేదు, కాస్త ఆగండి.

అప్పటికి ఢిల్లీ మెట్రో లక్ష్మీనగర్ దాకా రాలేదు. నేను అక్కడ అద్దె గదిలో ఉంటూ సెంట్రల్ గవర్నమెంటులో గుమాస్తాగా చేసేవాణ్ని. ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో పెళ్లిచూపులు. అమ్మాయి పేరు స్వాతి, పుట్టి పెరిగింది ఢిల్లీలోనే. ఏమైనా అడుగుతావా అమ్మా అని వాళ్ల నాన్నగారు అనగానే నా వైపు తిరిగింది.

"ఢిల్లీలో మంచి క్రోసాంట్ ఎక్కడ దొరుకుతుందో తెలుసా మీకు?"

"తెలుసు" అన్నాను. అది తినేదో తొడుక్కునేదో కూడా నాకు తెలియదు.

"అచ్ఛా. అయితే నెక్స్ట్ సండే తీసుకురండి. తిన్నాక చెప్తాను."

"దానికి బేకరీల పిచ్చి ఉందిలే బాబూ, ఏమీ అనుకోకు" అన్నారు నాన్నగారు. నేనేమీ అనుకోలేదు. అమ్మాయి నాకు బాగా నచ్చింది, అదీ అసలు ఇబ్బంది.

వారమంతా ఆఫీసు వదలగానే బేకరీల వెంట పడ్డాను. మా వీధి బేకరీవాణ్ని అడిగితే క్రీమ్ రోల్ చేతిలో పెట్టి, "యే భీ వహీ హై, భయ్యా", ఇదీ అదే అన్నాడు. కొన్నిచోట్ల నెలవంకలా వంచిన బన్ను ఇచ్చారు. చివరికి సౌత్ ఢిల్లీలో ఒక చిన్న కేఫ్‌లో కొరికిన క్రోసాంట్ కరకరమని విరిగి, పొరలు పొరలుగా నా చొక్కా నిండా రాలింది. లోపల వెన్న వాసన. కళ్లు మూసుకుని తిన్నాను. ఇక పెళ్లి అయిపోయినట్టే అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వెళ్లి వేడివేడిగా కొన్నాను. కాగితం సంచిలో వేసిచ్చారు. వేడి పదార్థాన్ని కాగితంలో పట్టుకెళ్తే కాబోయే అత్తవారు ఏమనుకుంటారు? అందుకని క్యారియర్ వెంట తెచ్చుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. ఇడ్లీలు ఆరిపోకుండా మా అమ్మ చేసినట్టే, శుభ్రమైన బట్ట తడిపి పిండి, వాటిమీద కప్పి, మూత బిగించాను. జూన్ ఎండలో కిక్కిరిసిన బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని పసిపిల్లాడిలా మోసుకెళ్లాను.

స్వాతి మూత తీసింది. ఆవిరి వచ్చింది. ఒకదాన్ని పట్టి లాగితే సాగింది గానీ తెగలేదు.

"యే క్యా హై?"

"క్రోసాంటే" అన్నాను.

పక్కనే కూర్చున్న వాళ్ల నాయనమ్మ చెయ్యి చాపింది. ఆవిడకు పళ్లు లేవు. ఒకటి తిని, ఇంకొకటి తీసుకుంది. "ఈ పిల్ల తెచ్చేవన్నీ చిగుళ్లకు గుచ్చుకుంటాయి. ఇది మెత్తగా దూదిలా ఉంది. అబ్బాయి మంచివాడేనే" అంది.

స్వాతి నవ్వలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. లేచి క్యారియర్ అందుకోబోతే తను పక్కకు జరిపింది.

"కడిగి ఇస్తాను. నెక్స్ట్ సండే వచ్చి తీసుకెళ్లండి. ముందు నన్ను ఇవి కొన్న చోటికి తీసుకెళ్లండి, నిజంగా ఉందో లేదో చూస్తాను."

మరుసటి ఆదివారం వెళ్లాం. తను ఒకటి కొరికింది. పొరలు దుపట్టా నిండా రాలాయి. చివరి ముక్క కూడా తిన్నాక నా వైపు చూసింది.

"ఇంత మంచిదాన్నా మీరు ఇడ్లీ చేశారు?"

"అవును" అన్నాను.

"ఠీక్ హై. నాన్నకు చెప్తాను, నాకు ఓకే అని. కానీ వంటింట్లోకి మాత్రం మీరు రావద్దు."

పాఠకులారా, ఆ క్యారియర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా కంఠంలో ప్రాణం ఉండగా మళ్లీ క్రోసాంట్ మీద తడిబట్ట కప్పను. క్యారియర్ ఇప్పటికీ మా వంటింట్లో స్వాతి దగ్గరే ఉంది. ఇంకా నాకు తిరిగి ఇవ్వలేదు.