మా ఊరి నవమికి రండి

మొన్న శుక్రవారం పొద్దున్నే తడి పసుపు వాసన వచ్చి వాకిట్లోకి చూశాను. గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకామె చేతిలో కుంకుమ భరిణె ఉంది. మా ఊరి చేపల చెరువుల అవతల ఉండేవాళ్లు. ఇకనుంచి తమది వేరే ఊరని ఈమధ్య అంటున్నారు. మా అబ్బాయి ఇక్కడ వార్డు మెంబరు. ఆ మాటెత్తితేనే వాడికి కోపం. "మా ఊరి నవమికి పిలవడానికి వచ్చామండీ. కోడలుగారిని కాస్త పిలుస్తారా?" అంది పెద్దామె, నా నుదుటివైపు చూడకుండా. మా ఆయన పోయారు కదా, మరి నాకు బొట్టు పెట్టకూడదు. ఆ వాసనకి, ఆ మాటకి నాకు పార్వతమ్మగారు గుర్తొచ్చారు.

నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. ఇలా రాయడం ఇదే మొదలు. ఆవిడని మీరెవరూ చూడలేదు కాబట్టి నాకు గుర్తున్నట్టు చెబుతాను.

అప్పట్లో మాది కొల్లేరు గట్టు మీద చిన్న పేట. వానాకాలం దారి మునిగితే బియ్యానికైనా ఓటుకైనా పడవెక్కి, మా పేట కలిసి ఉన్న పాత ఊరు వెళ్లాల్సిందే. ఒక ఏడాది విసిగిపోయి తుఫాను షెల్టర్లో అందరూ కూర్చున్నారు. మనమే వేరే ఊరవుదాం, కొత్తగట్టు అని పేరు పెట్టుకుందాం అనుకున్నారు. ఊరి పెద్దగా పార్వతమ్మగారిని ఉండమన్నారు. ఆవిడ మా పక్కింటావిడ. చిన్న వయసులోనే భర్త పోయారు. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు, కానీ ఆవిడ మాట అందరికీ వినబడేది.

ఆ రోజుల్లో ఎక్కడో దూరాన ఒక దేశం విడిపోయి, మేమూ ఒక దేశమే అని ప్రకటించుకుంది. ఆవిడ సాయంత్రం టీవీ పెట్టుకుని, పప్పు ఏరుతూ ఆ వార్తల కోసమే కూర్చునేవారు. నేను వెళ్లగానే, "ఈవేళ ఇంకో దేశం ఒప్పుకుందే!" అనేవారు, మా చుట్టాలింట్లో పెళ్లి కుదిరినట్టు.

"వాళ్ల గొడవ మనకెందుకండీ?" అన్నాను ఒకసారి.

"మన గొడవే వాళ్లదీను. వాళ్లకి జెండా ఉంది, పాట ఉంది, పోలీసులున్నారు. అన్ని దేశాలూ కూర్చునే సభలో కుర్చీ మాత్రం లేదు."

"మనకి పోలీసులు కూడా లేరు కదండీ."

"నువ్వున్నావుగా! మీ ఆయన్నడుగు, చెబుతాడు."

నవ్వేశాక చేట పక్కన పెట్టి మిగతా వార్త చెప్పారు. వాళ్లు ఏ దేశం నుంచి విడిపోయారో, ఆ పాత దేశం ససేమిరా అంటోందట. అది ఒప్పుకోనిదే మిగతావాళ్లలో చాలామంది ఎటూ తేల్చడం లేదట. మాకూ అదే అయింది. ఏలూరు వెళ్లి ఆఫీసులో అడిగితే, పాత ఊరి పంచాయతీ తీర్మానం చేస్తేగానీ కుదరదన్నారు. బస్సులో వస్తూ మావాళ్లంతా పాత ఊరిని తిట్టారు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "నవమికి వాళ్లని పిలుద్దాం" అన్నారు.

బొట్టు పెట్టి పిలవడమంటే మా వైపు చిన్న విషయం కాదు. గుమ్మానికి వెళ్లి, నుదుట కుంకుమ పెట్టి, ఫలానావాళ్లం అని చెప్పి పిలవాలి. భర్తలేని ఆవిడ పెట్టకూడదంటారు. అందుకని నన్ను తీసుకెళ్లారు. "నోరు నాది, వేలు నీది" అన్నారు.

ముందు మా పేటలోనే నరసయ్యగారింటికి నడిచారు. ఆయన షెల్టర్లో జరిగిన మీటింగుకి రాలేదు. "నన్నడక్కుండా ఊరెవరు పెట్టమన్నారండీ?" అన్నాడు గడపలోనే.

"అడగలేదు, మా తప్పే. ఇప్పుడు అడగడానికొచ్చాను."

"నేను రానంటే?"

"రాకపోయినా మీ వీధిలో దీపం వెలుగుతుందండీ. మీరు మా ఊరే." ఆయన తలుపు వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. కానీ పందిరి వేసే రోజున ఎవరూ పిలవకుండానే వచ్చి, గుంజలు వంకరగా పాతారని అందర్నీ తిట్టి, ఊడదీసి మళ్లీ పాతాడు.

పాత ఊళ్లో ప్రెసిడెంటుగారు అరుగు మీద పేపరు చదువుతున్నారు. "ఏ ఊరి నవమండీ?" అన్నారు తలెత్తకుండా.

"మా ఊరిదండీ."

"గట్టు మీద ఊరెక్కడుందండీ? నాకు కనబడదే!"

"కళ్లజోడు మార్పించుకోండి, కనబడుతుంది" అన్నారు పార్వతమ్మగారు.

ఆయన భార్య ఊళ్లో లేదు. లోపల్నుంచి ఆయన తల్లి అచ్చమ్మగారు వచ్చారు. అక్కణ్ణుంచి ఎప్పుడు బయటపడతామా అని ఉంది నాకు. పెద్దావిడ కనబడగానే గబగబా వెళ్లి నుదుట కుంకుమ పెట్టేసి, "మా ఊరి నవమికి రండి" అనేశాను. పెట్టాక చూశాను, ఆవిడ మెడ బోసిగా ఉంది. ప్రెసిడెంటుగారు పేపరు విసిరేసి లేచారు. "ఊరంటే ఏంటో తెలీదు, మర్యాదా తెలీదు!"

"ఆగరా" అన్నారు అచ్చమ్మగారు. వేలితో నుదురు తడుముకున్నారు. తుడుచుకుంటారనుకున్నాను. తుడవలేదు. "మీ నాన్న పోయాక నన్నెవరూ పిలవలేదురా. నీ పెళ్లాన్ని పిలిచి, నన్ను దాటుకుని వెళ్లిపోతారు." నావైపు తిరిగారు. "ఏ ఊరన్నావమ్మా?"

"కొత్తగట్టండీ."

"వస్తాను."

దారిలో నాకు ఏడుపు ఆగలేదు. "మీకెప్పుడూ నేను పెట్టలేదండీ" అన్నాను. "పిచ్చిదానా, నన్ను పిలవడమెందుకు? నేను ఈ ఊరిదాన్నే కదా" అన్నారు ఆవిడ.

నవమినాడు అచ్చమ్మగారు వచ్చారు. సాయంత్రం తల్లిని తీసుకెళ్లడానికి వచ్చిన ప్రెసిడెంటుగారు పందిరి బయటే నిలబడ్డారు. పార్వతమ్మగారు పానకం గ్లాసు పట్టుకెళ్లి, "ఏ ఊళ్లో తాగుతున్నారండీ?" అన్నారు. ఆయన సగం తాగి, "మీ ఊళ్లోనే లెండి" అన్నారు. తీర్మానం కాగితం మీదకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మాకు మాత్రం ఊరు ఆ గ్లాసుతోనే వచ్చింది. ఆ దేశానికి కుర్చీ దొరికిందో లేదో తెలుసుకోకుండానే ఆవిడ పోయారు.

శుక్రవారం గేటు దగ్గరికి వెళ్లాను. "కోడలు వస్తుంది. ముందు నాకు పెట్టండి" అన్నాను.

"అయ్యో, వద్దండీ" అని వెనక్కి జరిగింది ఆమె. లోపల్నుంచి మా అబ్బాయి "అమ్మా!" అని అరిచాడు.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగి నుదురు వంచాను. ఆమె కుంకుమలో వేలు అద్ది నా నుదుట పెట్టింది. ఊరి పేరు నెమ్మదిగా చెప్పింది.

మా అబ్బాయి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. వాళ్లు విడిపోవడం మంచిదో కాదో నాకూ ఇంకా తేలలేదు. నవమికి మాత్రం వెళ్తాను.