అవ్వ కొప్పు విప్పిన రోజు

అది నిజాం పాలన పోయిన మరుసటి ఏడాది. నాకు నలభై రెండేళ్లు. గోపన్‌పల్లిలో ఇరవై ఏళ్లు మంత్రసానిగా బతికినదాన్ని. నా చేతుల్లో ఒక తల్లీ, బిడ్డా పోయాక ఊళ్లో ఎవరూ నన్ను కాన్పుకు పిలవలేదు. లింగంపల్లి దగ్గర ఒక దవాఖానలో నర్సు పని నేర్చుకుని, ముసలివాళ్ల వార్డులో చేరాను.

అక్కడ మల్లవ్వ అనే ముసలామె ఒక మధ్యాహ్నం కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోంది. డాక్టరు అప్పటికే పెదవి విరిచాడు. కాన్పు కష్టమైతే తల్లి కొప్పు విప్పడం మా పద్ధతి. ఆ పాత అలవాటుతోనే అవ్వ కొప్పు విప్పేశాను. నడుం నిమురుతూ, "జర ఓర్చుకో అవ్వా, ఇగ అయిపోతది" అన్నాను.

అవ్వ తన జుట్టు తడుముకుంది. తొమ్మిది కాన్పులైన మనిషి. మూలుగు ఆపి, "ఏం పుట్టిందే?" అని అడిగింది.

"ఆడపిల్ల అవ్వా" అన్నాను.

"మరి ఏడుస్తలేదేంది?"

అలా అడుగుతూనే కన్నుమూసింది. ఊళ్లో నా చేతుల్లో పోయిన ఆ తల్లి కూడా ఆఖరున నన్ను అదే అడిగింది. పని మార్చుకుంటే ఆ మాట నా వెంట రాదనుకున్నాను.