తీగ తెగిన పల్లెకు మళ్లీ

నిరుడు మా ఆవిడ సరోజ తన చెల్లెలి ఇంట్లో ఉండగా గుండెనొప్పితో పోయింది. భావనపాడు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె అది. అక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సమ్మ ఈసీజీ తీసింది. దాన్ని పట్నంలోని డాక్టరుకు పంపడానికి ప్రభుత్వం వేసిన ఇంటర్నెట్ తీగ అంతకు ముందు వచ్చిన తుపానుకే తెగిపోయి ఉంది. ఆటో దొరికేసరికి ఆలస్యమైంది. ఏడాది గడిచాక, ఆ తీగ అతికించారో లేదో చూడాలనిపించింది. ఈ ప్రయాణానికి వేరే కారణం లేదు.

విజయనగరంలో పొద్దున్నే పాసింజరు ఎక్కితే పది లోపు నౌపడలో దిగవచ్చు. టికెట్ ముప్పై రూపాయలు దాటదు. స్టేషన్ బయట షేర్ ఆటోలుంటాయి గాని పల్లె వరకు రావు. నేను ఒక ఆటో రెండు వందలకు మాట్లాడుకున్నాను. దారికి రెండు వైపులా ఉప్పుమడులు. మబ్బు పట్టి ఉంది. మడులు దాటేసరికి ఫోన్లో సిగ్నల్ పోయింది.

"ఇక్కడ్నుంచి ఇంతే బాబూ," అన్నాడు డ్రైవరు. "మా ఊర్లో సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని సెట్టెక్కితే కొబ్బరికాయల దొంగనుకుంటారు."

"ప్రభుత్వం తీగ వేసింది కదా?"

"ఏసింది. గాలివానకి స్తంభాలతోటి పడిపోనాది. కరెంటు వారంలో ఇచ్చినారు. మరి కరెంటు పోతే జనం రోడ్డు మీద కూకుంటారు. దీనికోసం ఎవుడు కూకుంటాడు?"

ఉపకేంద్రంలో నర్సమ్మ నన్ను గుర్తుపట్టింది. ఇంటర్నెట్ పెట్టె మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచింది.

"అడుగుతానే ఉన్నాం బాబూ. కరెంటోళ్లు స్తంభం మాది, తీగ మాది కాదంటారు. తీగోళ్లు స్తంభం సూపిస్తే కడతామంటారు. అదిగో, స్తంభం అక్కడే ఉన్నాది."

కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. కొత్త స్తంభం, నిటారుగా.

"ఇప్పుడెవరికైనా నొప్పి వస్తే?"

"ఆటోనే."

మా మరదలు లక్ష్మి చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. వాళ్ల వాకిట్లో రెండు సరుగుడు గుంజల మధ్య నల్లటి తీగ కట్టి ఉంది. దాని మీద పొడవాటి వెండిరంగు చేపలు వరసగా వేలాడుతున్నాయి. అది ఏ తీగో చూడగానే తెలిసింది. నేను చూడడం లక్ష్మి చూసింది.

"ముందే తెగి పడున్నాది, బావా. అక్క పోనాక ఇసకలోంచి తీసినాను. నేను కోసేసినాననుకోకు."

"అనుకోను."

"కొబ్బరితాడు పుచ్చిపోతాది. ఇది ఉప్పుగాలికి ఏటీ అవదు. నువ్వు ఇప్పేమంటే ఇప్పేస్తాను."

నేను జవాబు చెప్పకముందే చినుకులు మొదలయ్యాయి. తడిస్తే చేపలు పాడైపోతాయి. ఇద్దరం గబగబా దించి గంపల్లో వేశాం. ఖాళీ తీగ ముడి మీద చెయ్యి వేసి లక్ష్మి నా వైపు చూసింది.

"ఉంచు," అన్నాను. "తీగవాళ్లు వచ్చి అడిగితే ఇద్దువుగాని."

"వస్తారంటావా?"

మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం పెట్టింది. వడ్డిస్తూ, "సేపలు మోయించి కూడు పెట్టినానని అక్కకి సెప్పకు," అంది. అన్నాక అక్క లేదని గుర్తొచ్చినట్టుంది, అడక్కుండానే నా కంచంలో ఇంకో ముక్క వేసింది.

రోడ్డు, కరెంటు, మంచినీళ్లు ప్రభుత్వం బాధ్యత అంటే ఎవరూ కాదనరు. ఈ తీగ కూడా అంతే. ఒకసారి వేసి ఫొటో దిగితే పని అయిపోదు. తెగితే అతికించవలసింది ఎవరో ఊరికి తెలియాలి. ఆ పల్లెకు ఇప్పటికీ తెలియదు. తిరుగు ప్రయాణంలో నౌపడ స్టేషన్లో చేతులు కడుక్కున్నాను. చేపల వాసన పోలేదు. చెల్లెలి ఇంటి నుంచి వచ్చినప్పుడు సరోజ చేతులకూ అదే వాసన ఉండేది.

అటు వెళ్లి రాత్రి ఉండాలనుకునేవారికి ఒక మాట. ఆ ఊరి ఆటో డ్రైవరు నంబరు తీసుకుని ఊరుకోకండి. అది అక్కడ కలవదు. అతని ఇల్లెక్కడో వెలుగుండగానే చూసి పెట్టుకోండి.