తీరం తగలకముందు వేసిన ఒట్టు

కుసుమకుమారికి నోటి దురుసు ఎక్కువని రాజాంలో ఆమె చరిత్ర పాఠాలు చెప్పే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అందరికీ తెలుసు. చేపల రేవులో పుట్టిన మనిషి. అక్కడ మెల్లగా మాట్లాడితే కెరటాల హోరులో ఎవరికీ వినబడదు. తండ్రి అసిరయ్య వేట మానేశాక ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఆ ఉద్యోగాన్ని ఏటేటా పొడిగించేది కరస్పాండెంటు జగన్నాధం.

ఆయనే ఒకనాడు పిలిపించాడు.

"ఏటమ్మా, అమెరికా పాఠంలోకి ఏసుప్రభువు ఎందుకొచ్చాడు? మతం బోధిస్తన్నారని ఓ పిల్లాడి తండ్రి ఫోన్ చేశాడు. ఆ ముక్క వదిలీ."

"వదిలేస్తే పాఠంలో ఏటి మిగుల్తాది సార్? నేను గంగమ్మకి మొక్కేదాన్ని. రేపు మీరే వచ్చి వినండి."

"మొండికేస్తే వచ్చే ఏడు నీ ఉద్యోగం సంగతి నేను సెప్పలేను."

ఆ జీతం పోతే ఇల్లు గడవదని ఆమెకు తెలుసు. అయినా చెప్పాల్సింది మింగేసి బతకడం ఆమెకు చేతకాదు.

మర్నాడు జగన్నాధం వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆమె గొంతు తగ్గించలేదు.

"నాలుగొందల ఏళ్ల కిందట ఇంగ్లండు నుంచి అమెరికాకి ఓ ఓడ బయల్దేరింది. అందులో కొందరు, పైవాళ్ల హుకుం లేకుండా దేవుడి ముందు ఒకరికొకరు మాటిచ్చుకుని చర్చి పెట్టుకున్నోళ్లు. ఓడ అనుమతి ఉన్న చోటికి కాకుండా వేరే తీరానికి చేరింది. ఇక మామీద ఎవరి పెత్తనమూ లేదని మిగతావాళ్లలో కొందరు గొణిగారు. మా రేవులో పడవ నీట్లోకి దించకముందే గంగమ్మ మీద ఒట్టేసి, ఎవరి వాటా ఎంత, ఎవరి మాట సాగాల అన్నది తేల్చేసుకుంటారు. నడిసముద్రంలో తగువొస్తే అందరూ మునుగుతారు కదా! ఆ ఓడవాళ్లూ నేలమీద కాపురం పెట్టకముందే దేవుడి పేరున ఒట్టేసి, మా చట్టాలు మేమే చేసుకుంటామని సంతకాలు పెట్టారు. తర్వాత దేశం పుట్టినప్పుడు వేరే ఆలోచనలూ కలిశాయి. కానీ జనం ఒప్పుకుంటేనే పాలన అన్న అలవాటులో ఆ చర్చి వాటా కూడా ఉన్నాది."

"ఆడోళ్లు సంతకం పెట్టారా మేడమ్?" అని విశాలి అనే అమ్మాయి అడిగింది.

"లేదు. మా రేవులోనూ వాటాలు తేల్చే చోటికి నన్ను రానిచ్చేవాళ్లు కాదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమెకు పాత కోపం మళ్లీ వచ్చింది. దాన్ని దాచుకోలేదు.

గంట కొట్టాక జగన్నాధం గుమ్మం దగ్గర ఆగాడు. "పాఠం బాగున్నాదమ్మా. కానీ తల్లిదండ్రులకి జవాబు సెప్పుకోవాల్సింది నేను. వచ్చే ఏటికి మాట ఇవ్వలేను."

కుసుమకుమారి చేతికంటిన చాక్‌పీసు పొడి దులుపుకుంది.

"సరే సార్. రేపు బానిసల పాఠం. బైబిలు సూపించి సంకెళ్లు ఏసినోళ్లూ, అదే బైబిలు సూపించి విప్పించినోళ్లూ అందులో ఉన్నారు. ఇద్దరి గురించీ సెప్తాను. దానికీ వచ్చి కూకోండి."