చీపురుపుల్ల కొలత

కువైట్ వచ్చాక నేను మొదట నేర్చుకున్నది నీళ్ళ సంగతి. ఎండాకాలంలో చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలిపోయే నీళ్ళు వస్తాయి, ట్యాంకు మేడ మీద ఎండలో ఉంటుంది కాబట్టి. గీజరు ఆపేసి వేడినీళ్ళ కుళాయి తిప్పితే, అందులో నిలవున్న నీళ్ళు కాస్త చల్లగా వస్తాయి. ఈ తిరకాసు నాకెవరూ చెప్పలేదు. మొదటి వారమంతా మండే నీళ్ళతో గిన్నెలు కడిగి, ఈ దేశాన్నీ నన్నిక్కడికి పంపిన ఏజెంటునూ కలిపి తిట్టుకున్నాను. ఎర్రబడ్డ నా చేతులు చూసి చివరికి ఇంటి డ్రైవరు చెప్పాడు.

"ఇక్కడన్నీ తిరగేసేనండి. చల్లది తిప్పితే వేడిగా వత్తాది, వేడిది తిప్పితే చల్లగా వత్తాది. అలవాటైపోద్ది లెండి."

ఆయనది కోనసీమ. నాది అన్నమయ్య జిల్లాలో ఒక పల్లె. మొదట్లో ఆయన ప్రతి మాటకూ 'అండి' తగిలిస్తుంటే ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుని రెండు రోజులు మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తర్వాత తెలిసింది, ఆయన ఇంట్లో పిల్లిని కూడా 'రండి' అనే పిలుస్తాడని.

ఇల్లు జహ్రాలో. మూడంతస్తులు, ముందు పెద్ద గేటు, గేటు లోపల ఎప్పుడు చూసినా చెప్పుల గుట్ట. ఇంటావిడను పనివాళ్ళందరిలాగే నేనూ మామా అంటాను, ఇక్కడ అమ్మ అని. ఆమె నాకంటే రెండేళ్ళు చిన్నది, అయినా మామానే. చెడ్డ మనిషి కాదు. అరుస్తుంది, కాసేపటికి మరిచిపోతుంది. నేను అరవలేను, మరిచిపోలేను. అదే మా ఇద్దరికీ తేడా.

ఎందుకొచ్చావని నన్ను అడక్కండి. మా వైపు ఆడవాళ్ళు ఎందుకొస్తారో నేనూ అందుకే వచ్చాను. నాలుగేళ్ళ కూతుర్ని మా అక్క దగ్గర వదిలి వచ్చాను. అక్కకూ ఒక కూతురుంది, మా దానికంటే రెండేళ్ళు చిన్నది. ఇద్దరూ కలిసి పెరుగుతారులే అని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను.

బయల్దేరే రోజు తెల్లవారుజామున అది నిద్రపోతుంటే, పాదానికి ఒక చీపురుపుల్ల ఆనించి, మడమ నుంచి బొటనవేలి దాకా చూసుకుని గోటితో తుంచాను. మా పల్లెలో పిల్లలకు చెప్పులు కొనే పద్ధతి అంతే. టౌనుకు పిల్లల్ని తీసుకుపోరు, పుల్లను తీసుకుపోతారు. అంగడివాడు పుల్లను చెప్పులో పెట్టి చూసి, ఎదిగే పిల్ల కదా అని ఒక వేలు ఎక్కువున్నది ఇస్తాడు. నంబర్లతో మాకు పని లేదు. పుల్ల తగలగానే నా కూతురు కాలు వెనక్కి లాక్కుంది గానీ కళ్ళు తెరవలేదు. తెరవనందుకు అప్పుడు సంతోషపడ్డాను. తెరిచి ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ పుల్లను పసుపు, కుంకుమ పొట్లాలతో కలిపి గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను. నా పాస్‌పోర్టు మామా బీరువాలో ఉండేది, పుల్ల నా దిండు కింద ఉండేది.

మామా చిన్న కూతురు మా పాప ఈడుదే. పుట్టినరోజుకు బెలూన్లు కడుతూ లెక్క వేసుకున్నాను, మా దానికంటే పదకొండు రోజులు చిన్నది. నేను వచ్చిన రెండో రోజునే, గేటు దగ్గర చెప్పులు సర్దుతూ ఆ పిల్ల చెప్పులో నా పుల్ల పెట్టి చూశాను. అచ్చంగా సరిపోయింది. ఆ రోజు నుంచి దాని కాళ్ళు కడుగుతుంటే మా పాప కాళ్ళే కడుగుతున్నట్టు ఉండేది. పొద్దున బడికి పోయేటప్పుడు దానికి సాక్సులు తొడిగి, పాదాన్ని ఒక క్షణం ఎక్కువసేపు పట్టుకునేదాన్ని. అది "యల్లా, యల్లా" అని తొందరపెట్టేది. ఈ మాట మా అక్కకు చెప్తే "నీకు పిచ్చి పట్టిందిమే" అంది. పట్టింది మరి, కాదనను.

ఆరు నెలలకు మొదటి కార్టన్ కట్టాను. ఇక్కడ మావాళ్ళందరికీ అదొక పండుగ. పాలపొడి డబ్బాలు, సబ్బులు, తలనొప్పి మందు, దుప్పటి, సందుల్లో చాక్లెట్లు కుక్కి, పైన తాడు బిగించి కార్గోలో వేస్తారు. నా కార్టన్‌లో అన్నిటికంటే పైన చెప్పులు పెట్టాను. అల్ రాయ్‌లో శుక్రవారం సంతకు డ్రైవరు తీసుకుపోయాడు. అడుగేస్తే మడమలో లైట్లు వెలిగే చెప్పులు. అంగడివాడు నంబరు అడిగాడు. నేను పుల్ల తీశాను. వాడు పుల్లనూ నన్నూ చూసి, పక్క అంగడివాణ్ణి పిలిచి మరీ చూపించి నవ్వాడు.

"నవ్వుకోనివ్వండి. మా నాయనమ్మా ఇలాగే తెచ్చేదండి, తాటాకు ముక్కతో," అన్నాడు డ్రైవరు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకున్న కోపాలన్నీ పోయాయి.

ఆ చెప్పులు వేసుకుని నా కూతురు ఫోనులో గంతులేసింది. అక్క ఫోనును నేలకు దించి పట్టుకుంటే, తెర మీద ఎర్రగా, పచ్చగా వెలిగి ఆరిపోయే రెండు మడమలు కనిపించాయి. ఆ ఫోను కూడా నేను కొని పంపిందే, నాదీ అదే రకం.

తర్వాత ఏడాదికి ఇంకో జత పంపాను. అదే సంత, అదే పుల్ల. ఈసారి గులాబీ రంగువి. ఆ కార్టన్ చేరిన నాటి నుంచి నా కూతురు ఫోను దగ్గరికి రావడం మానేసింది.

నాకు దొరికేది శుక్రవారం మధ్యాహ్నం, ఇంట్లో అందరూ భోజనాలు చేసి నడుం వాల్చాక, ఒక అరగంట. ఆ అరగంట కోసం వారమంతా పని చేసేదాన్ని. ఒక వారం "ఆడుకోను పోయిందిమే" అంది అక్క. తర్వాతి వారం "నిద్రపోతాండాది". ఆపై వారం అది వెనక తలుపు పక్కన నిలబడి ఉండటం నాకే కనిపించింది, గౌను అంచు తెలిసిపోతోంది.

"ఆడనే ఉండాది గదక్కా. పిలువు."

"రాదంటాండాది. రొంత మొండిదయిందిలే. నువ్వు మనసులో పెట్టుకోవాకు."

మనసులో పెట్టుకోకుండా ఎక్కడ పెట్టుకోను? అక్కే నా మీద ఏదో చెప్పి బిడ్డను మళ్ళిస్తోందేమో అని కూడా అనుకున్నాను. ఆ పాపపు ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. నా ఇఖామా, ఇక్కడ ఉండేందుకిచ్చే పర్మిట్టు, ఇంకో ఏడాది పొడిగించారు, ఇంటికి పోవడం ఇంకో ఏడాది వెనక్కి జరిగింది. అప్పటిదాకా నా కూతురు నాతో ఒక్క మాట మాట్లాడకపోతే, తిరిగి వెళ్ళి ఎవరి తల్లినని చెప్పుకోను? కూరగాయలు తరుగుతున్నా అదే, బాత్రూములు కడుగుతున్నా అదే. ఇంకో కార్టన్ కడదామనుకున్నాను. ఇంకా మంచి చెప్పులు కొంటే వస్తుందేమో అనుకున్నాను. నా తెలివి అంతవరకే పోయింది.

చలికాలం మొదట్లో, ఎండ హాయిగా ఉండే రోజుల్లో, మామా వాళ్ళు దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న తమ షాలేకు పోతారు. షాలే అంటే సెలవులకు పోయి ఉండే ఇల్లు. వాళ్ళకు సెలవు, నాకు రెండిళ్ళ పని. బియ్యం నుంచి దుప్పట్ల దాకా నేనే కట్టాలి, అక్కడ నేనే విప్పాలి. ఆ వారం తిరిగి వచ్చేటప్పుడు అల్ రాయ్‌లో ఆపుతానని డ్రైవరు మాటిచ్చాడు. అందుకని పుల్లను జేబులో వేసుకున్నాను.

సముద్రాన్ని నేను చూసింది అక్కడే. మా ఊళ్ళో నీళ్ళంటే వీధిలోకి ట్యాంకరు రావడం, బిందెలు వరసలో పెట్టుకోవడం. ఇన్ని నీళ్ళు ఎవరూ కాపలా లేకుండా ఎండలో మెరుస్తూ పడి ఉంటే నాకు మొదట ఒళ్ళు మండింది. ఒక్క బిందెడు కూడా తాగేందుకు పనికిరావని డ్రైవరు చెప్తే ఇంకా మండింది. ఆయన మాత్రం ఆ నీళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు అక్కడ ఏం కనిపించిందో నేను అడగలేదు.

పొద్దున పది గంటల వేళ, మామా గట్టు మీద కుర్చీలో టీ తాగుతుంటే, పిల్లను చూసుకోమని నన్ను ఇసుకలోకి పంపింది. పిల్ల చెప్పులు విడిచి తడి ఇసుకలో పరుగెత్తింది. నేను వెనకే నడిచాను. దాని అడుగులు వరసగా పడి ఉన్నాయి, ఐదు వేళ్ళూ విడివిడిగా. ఎందుకో వంగి, జేబులోంచి పుల్ల తీసి ఒక అడుగులో పెట్టాను. మడమ దగ్గర ఆనించాను. పుల్ల వేళ్ళ కొసల దాకా రాలేదు. వేళ్ళ మొదట్లోనే అయిపోయింది.

తప్పుగా పెట్టానేమో అని ఇంకో అడుగులో పెట్టాను. మూడో దాంట్లో పెట్టాను. అన్నిట్లోనూ అంతే.

ఈ రెండేళ్ళలో ఆ పిల్లకు చిన్నవైపోయిన చెప్పులూ బూట్లూ గేటు దగ్గర నుంచి తీసి సంచిలో కట్టింది నేనే. కొత్తవి తొడిగింది నేనే. ఆ పిల్ల ఎదుగుతోందని నా చేతులకు తెలుసు. అక్కడ నా కూతురు మాత్రం నేను కొలిచిన నాడు ఎలా నిద్రపోతోందో అలాగే ఉండిపోయింది, నా బుర్రలో. ఎంత మొద్దునో చూడండి.

పిల్ల వెనక్కి వచ్చి "శినూ హాదా?" అని అడిగింది, ఏమిటిది అని. చెప్పడానికి నాకు అరబీ చాలలేదు. అది పుల్ల పక్కన పాదం పెట్టి, ఎంత పెద్దదో చూపించి నవ్వింది.

దాన్ని మామా దగ్గర దిగబెట్టి, వంటింటి వెనక ఇసుకలోకి పోయి అక్కకు వీడియో కాల్ చేశాను. శుక్రవారం దాకా ఆగలేదు.

"అక్కా, గులాబీ చెప్పులు పాపకు పట్టినాయా?"

అక్క మాట మార్చి, తిన్నావా అని అడిగింది.

"నిజం చెప్పక్కా."

"పట్టలేదుమే. మడమలు బయటికొచ్చినాయి. అయినా రెండు దినాలు అట్నే ఏసుకోని తిరిగింది, కాలికి బొబ్బ లేసేదాకా. నేనే పెరికి చిన్నదానికి ఏసినా. నీకు చెప్తే ఆడ కూచోని ఏడుస్తావని పాపను గూడ చెప్పద్దంటి."

"అందుకా అది రానిది?"

"అవి చెల్లి కోసరమే పంపినావంట. అమ్మకు ఇప్పుడు చెల్లే కావాల్నంట. నేనేం చెప్పినా ఇనదు."

నన్ను చెప్పుతో కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. అక్క మీద అరిచాను, వెంటనే క్షమించమన్నాను. ఫోను ఇంటి మధ్యలో పెట్టి గట్టిగా వినిపించేలా చెయ్యమన్నాను. అది తలుపు పక్కనే ఉంటుందని తెలుసు. బయల్దేరిన రోజు తెల్లవారుజాము నుంచి, పుల్ల సంగతంతా చెప్పుకుంటూ వచ్చాను. నీ కాలు కొలిచి తెచ్చుకున్నాను బంగారూ, అది ఎదుగుతుందన్న తెలివి మీ అమ్మకు లేకపోయింది, అవి నీకోసమే కొన్నాను, నా తప్పు, నీది కాదు, చెల్లిదీ కాదు. చెప్తూ చెప్తూ ఏడ్చాను. లోపల మామా ఎవరినో పిలుస్తోంది, నన్నే అయి ఉంటుంది.

తలుపు వైపు నుంచి చిన్న గొంతు వినిపించింది.

"పొరకపుల్ల ఇంకా పెట్టుకోనుండావా?"

"ఉండానమ్మా. నా చేతిలోనే ఉండాది."

"అది పారెయ్. నేనిప్పుడు పెద్దగైనా."

"పారేస్తా. మళ్ళా కొలవాల గదా. ఎట్ల కొలిచేది?"

అది వచ్చి ఫోను చేతిలోకి తీసుకుంది. తర్వాత తెర ఊగి, మా అక్క ఇంటి పైకప్పు కనిపించింది. ఫోనును నేల మీద పడుకోబెట్టి, పక్కన కాలు పెట్టిందట. నా ఫోనూ అదే కదా. నేనూ నా ఫోనును అలాగే ఇసుకలో పడుకోబెట్టి, దాని పొడవున రెండు చివర్లా వేలితో గీతలు గీశాను.

"మా, ఫోను కంటే రెండు వేళ్ళు ఎక్కువుండాది."

"ఎవురి వేళ్ళు నాయనా? పెద్దమ్మవా?"

"కాదు. నావే."

పై గీత పక్కన నా చెయ్యి పెట్టాను. వేడినీళ్ళకు, సబ్బులకు మొరటుబారి నా వేళ్ళు లావుగా ఉన్నాయి. మామా కూతురి వేళ్ళయితే ఎంతుంటాయో కళ్ళు మూసుకుని చెప్పగలను. నా కూతురు అవతల "గీసినావా, గీసినావా" అని అడుగుతోంది. దాని వేళ్ళు ఇప్పుడు ఎంత లావున్నాయో నాకు తెలియదు.