కొంగలు కావు, అడవి బాతులు

మా మేనత్త పోయింది. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, గిద్దలూరులో తన ఇంటి వసారాలో, చేతిలో కాఫీ గ్లాసు ఉండగానే. పక్కింటి పెద్దమ్మ ఫోన్ చేసి, "నాయనా, మీ అత్త పలకడం లేదు" అనింది. మార్కాపురం నుంచి బయలుదేరి నేను అక్కడ బస్సు దిగేసరికి డాక్టరు వచ్చి చూసి పోయినాడు. గుండె ఆగిందన్నారు.

మట్టి చేసిన మూడో రోజు హైదరాబాదు నుంచి ఇంకో ఫోన్ వచ్చింది. పురాతన వస్తువులు సేకరించే ఒక పెద్దమనిషి. గొంతు మెత్తగా పెట్టి, మేడం గారి ఆత్మకు శాంతి కలగాలన్నాడు. ఆ మెత్తదనంతోనే, ఆమె దగ్గర మిగిలిన పదహారింటినీ ఏం చేయదలుచుకున్నారని అడిగినాడు. మీకు వాటి సంగతి తెలీదు, తుప్పు పట్టి పాడైపోతాయి, నాకిస్తే భద్రంగా ఉంటాయి అన్నాడు. నేను తిరిగి అన్న మాటలు అచ్చులో వేసేవి కావు. ఆ కోపం ఇంకా దిగలేదు. దిగక ముందే రాయాలని కూర్చున్నాను.

ఆ పదహారు ఏందో ముందు చెప్పాలి. జపాను కత్తికి పిడికీ, కోసే అలుగుకీ మధ్య ఒక బిళ్ళ ఉంటుంది. అరచేయంత ఉండి, నడుమ అలుగు దూరేంత సందు ఉంటుంది. ఎదుటివాడి దెబ్బ చేతి మీద పడకుండా, పొడిచేటప్పుడు చేయి అలుగు మీదికి జారకుండా కాపాడేది అదే. త్సుబా అంటారు. ఇనుముతోనో రాగితోనో చేసి, చెక్కి, బొమ్మలు కోసి, వందల ఏళ్ళ కిందట అక్కడి కమ్మరులు తయారుచేసినవి. మా అత్త ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళకు పైగా వాటిని వెతికింది. ఏది నిజమైనదో, ఏ కాలానిదో, ఏ చోటిదో చెప్పడం తనంతట తాను నేర్చుకుంది.

సమాధి దగ్గర చర్చి అయ్యగారు ఆమె పెళ్ళి మానుకుని తమ్ముణ్ణి చదివించిందనీ, రోగులకు సేవ చేసిందనీ చెప్పినాడు. రెండూ నిజమే. ఆ తమ్ముడే మా నాయన. ఈ మూడో సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే వచ్చినవాళ్ళు నవ్వుతారని మా వాళ్ళ భయం. ఆ భయం మీద కూడా నాకు కోపమే.

మా తాత కొమరోలు దగ్గరి పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, పట్టాళంలో చేరి బర్మా పోయినాడు. యుద్ధం అయిపోయినప్పుడు జపాను ఆఫీసర్లు కత్తులు అప్పజెప్పితే, వాటిలో ఒకటి ఆయన చేతికి వచ్చింది. ఇంటికి తెచ్చుకున్నాడు. వానలు లేని ఒక ఏడు ఆ అలుగును కమ్మరికి ఇచ్చి రెండు కొడవళ్ళు చేయించినాడు. బిళ్ళ మిగిలింది. నాయనమ్మ దాన్ని పెరుగు ముంత మీద మూతగా పెట్టుకునేది. దాని ఇనుములో రెండు పక్షులు, కింద రెల్లు కోసి ఉన్నాయి. ఇంటిల్లిపాదీ దాన్ని కొంగల బిళ్ళ అనేవాళ్ళు.

అత్తకు పదిహేనేళ్ళప్పుడు కంభం చెరువు మీద చలికాలంలో దిగే పక్షులను చూసొచ్చి, ఇంట్లో అందరినీ తప్పు పట్టిందంట. కొంగ ఎగిరేటప్పుడు మెడ ముడుచుకుంటుంది, ఈ రెండూ మెడ చాచినాయి, ఇవి కొంగలు కావు అడవి బాతులు అనిందంట. త్సుబా అనే మాట అప్పటికి ఆమె వినను కూడా లేదు.

ఆ మాట ఆమెకు చాలా ఏళ్ళ తర్వాత ఆసుపత్రికి బదిలీ మీద వచ్చిన ఒక డాక్టరు చెప్పినాడు. అప్పట్నుంచి లీవు దొరికితే మద్రాసు పోయి లైబ్రరీలో పుస్తకాల పేజీలు జిరాక్సు తీయించుకుని వచ్చేది. పాత సామాన్ల దుకాణాల్లో తిరిగేది. బిళ్ళల మీద చేసినవాడి సంతకం ఉంటే చదవాలి కదా, అందుకని మార్కాపురం పలక ఒకటి కొనుక్కుని, బలపంతో జపాను అక్షరాలు రాసి తుడిచి రాసి నేర్చుకుంది. మేం సెలవులకు పోతే ఆ పలక మీద మా లెక్కలు చేయనిచ్చేది కాదు.

అయితే కొత్త బిళ్ళ చేతికి రాగానే మొదట ఆ సంతకం మీద బొటనవేలు పెట్టి మూసేది. "పేరు చదివితే కండ్లు పని మానేస్తాయి" అనేది. ముందు ఇనుము రంగు, అంచు మందం, నడిమి సందు చుట్టూ సుత్తి దెబ్బలు, చిల్లుల లోపలి గోడలు భూతద్దంతో చూసేది. సంతకం చివర్న. ఎక్కువ సంతకాలు తర్వాతెవరో దొంగగా చెక్కినవే అని నవ్వేది. ఆమె నోటుబుక్కులో ప్రతి బిళ్ళకూ ఒక పేజీ, ప్రతి పేజీలో మూడే రకాల జవాబులు: తెలుసు, అనుకుంటున్నా, తెలీదు. తెలీదు అన్నదే ఎక్కువ చోట్ల ఉంది. రక్తం స్లైడు చూసి తెలీనిది తెలుసని రాస్తే మనిషి చస్తాడు, ఇది కూడా అట్లనే చూడాలి అనేది.

పాత సైనికుల ఇళ్ళు వెతుక్కుంటూ బస్సుల్లో పల్లెలు తిరిగింది. ఒకసారి అర్ధవీడు వైపు నేనూ పోయినాను. ఒక గొర్లకాపరి తన పొట్టేలు మెడకు, వాళ్ళ తాత తెచ్చిన రాగి బిళ్ళను దిష్టి తగలకుండా కట్టినాడు. అత్త ఆ పొట్టేలు పక్కన నేల మీద చతికిలబడి, దాని మెడ పట్టుకుని, గంటసేపు చూసింది. కొనలేదు. ఆ కాపరికి అది ఏందో వివరంగా చెప్పి, చింతపండు పెట్టి తోమొద్దు, నూలుగుడ్డతో తుడువు చాలు అని చెప్పి లేచింది. ఎందుకు తీసుకోలేదని నేను దారిలో అడిగితే, అది వాళ్ళ తాతది కదా అనింది. అట్లాంటి మనిషి ఆమె.

ఇక నా తప్పు చెప్పాలి. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. అత్తంటే నాకు గొప్పగా ఉండి, నాలుగేళ్ళ కిందట ఆమె బిళ్ళల ఫొటోలు ఫేసుబుక్కులో ఒక గ్రూపులో పెట్టినాను. మొన్న ఫోన్ చేసిన ఆ పెద్దమనిషే వాటిని చూసి నాకు రాసినాడు. రెండు వారాల్లో కారేసుకుని గిద్దలూరు వచ్చినాడు. అత్త పెట్టిన ఉప్మా మెచ్చుకుంటూ తిన్నాడు. పదిహేడింటినీ చూసి, తాత తెచ్చిన దాని దగ్గర ఆగినాడు. జపాను పట్టాళం కత్తులకు మామూలుగా పోతపోసిన ఇత్తడి బిళ్ళలుంటాయి, ఇది ఆ ఆఫీసరు తన ఇంటి నుంచి తెచ్చుకున్న పాతది, మూడు వందల ఏళ్ళన్నా ఉంటుందని అనుకుంటున్నా అని అత్త చెప్పింది, ఏ చోటి కమ్మరిదో కూడా చెప్పింది. ఆయన తల ఊపినాడు. హైదరాబాదులో మిషను మీద పరీక్ష చేయించి నెలలో తెచ్చిస్తానన్నాడు.

అత్త ఒక కాగితం మీద రాసివ్వమని అడిగింది. నాకు సిగ్గేసింది. అంత పెద్దమనిషిని పట్టుకుని ఏందత్తా, కాగితం ఎందుకు అని నేనే అన్నాను. ఆమె నా మొహం చూసింది. బిళ్ళ ఇచ్చేసింది. ఆ పూట నేను నోరు మూసుకుని ఉంటే ఈ వ్యాసంలో ఇంత కోపం ఉండేది కాదు.

నాలుగు నెలలకు పార్శిలు వచ్చింది. లోపల బిళ్ళ, ఒక చీటీ. ఇది ఈమధ్య కాలంలో యాత్రికుల కోసం పోతపోసిన నకలు, బాధపడొద్దు అని ఉంది. అత్త దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. అవే పక్షులు, అదే రెల్లు. ఒక నిమిషం చూసింది.

"నకలన్న మాట నిజమే. కానీ ఇది నాది కాదు" అనింది.

చిల్లుల లోపల పోతపోసిన అచ్చు రెండు సగాలు కలిసిన గీత నాకు చూపించింది. తాతదాంట్లో ఆ గోడలు ఆకురాయితో రుద్దినవి. నడిమి సందుకు కింద రాగి ముక్క ఒకటి దిగగొట్టి ఉండేది, ఇందులో ఆ చోట రాగిరంగు పూసినారు. అంచు మీద వేలు పెట్టి తిప్పితే ఇనుము గింజలు గింజలుగా తగిలేది, ఇది సబ్బు మాదిరి జారుతోంది. మా బిళ్ళను దగ్గర పెట్టుకుని, దాన్ని పోలిన నకలు ఎక్కడో చేయించి పంపినాడు. పల్లెటూరి ఆడమనిషి ఏం కనిపెడుతుందిలే అనుకున్నాడు.

ఫోన్ చేస్తే, మేడం పొరబడినారు అన్నాడు. ఆమె ఎనిమిది పేజీల రిపోర్టు తెలుగులో రాసింది. బరువు, కొలతలు, బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసుకున్న పాత అచ్చు, అన్నీ జత చేసింది. పోలీసు స్టేషనుకు తీసుకుపోతే అక్కడున్నాయన మొదటి పేజీ కూడా తిప్పలేదు. మీది మీకొచ్చింది కదమ్మా అన్నాడు. ఇంట్లో మా నాయన, ఇనుప ముక్క కోసం పరువు తీస్తావా అక్కా అన్నాడు. అత్త అన్నం పెట్టేటప్పుడు గిన్నెలు గట్టిగా పెట్టేది, అంతే.

పోయిన ఏడు హైదరాబాదులో ఆయన తన సేకరణను జనానికి చూపిస్తున్నాడని తెలిసింది. అత్త నన్ను వెంటబెట్టుకుని రైలెక్కింది. అద్దాల పెట్టెలో మా బిళ్ళ ఉంది. కింద చీటీలో, ఒక సంస్థానం వారి వారసుల నుంచి సంపాదించినది అని రాసి ఉంది. కమ్మరి కాలమూ చోటూ మాత్రం అత్త చెప్పిన మాటలే, మార్చకుండా.

ఒకసారి చేతికివ్వమని అత్త అడిగింది. చుట్టూ పదిమంది పెద్దవాళ్ళున్నారు. కాదంటే బాగుండదని ఆయన పెట్టె తాళం తీసినాడు. ఆమె తన పెన్సిలు అచ్చు దాని పక్కన పెట్టింది. అందరికీ వినపడేటట్టు, తొందర లేకుండా చెప్పింది.

"ఈ రాగి ముక్క మీద మూడు సుత్తి దెబ్బలున్నాయి. మూడోది పక్కకు ఒరిగింది. నా అచ్చులో కూడా ఒరిగింది. చూడండయ్యా."

వాళ్ళలో ఒకాయన భూతద్దం తీసి చూసినాడు. అచ్చు చూసినాడు, బిళ్ళ చూసినాడు. ఆయనకు తెలిసిపోయింది. మొహంలో నాకు కనపడింది. భూతద్దం జేబులో పెట్టుకుని, టీ వచ్చినట్టుంది అని పక్కకు పోయినాడు. మిగిలినవాళ్ళూ పోయినారు. దొంగ మీద కన్నా ఆ టీ తాగినవాళ్ళ మీద నాకు కోపం ఎక్కువ. పెద్దమనిషి అత్త చేతిలోంచి బిళ్ళ తీసుకుని, మీ అభిమానం అర్థమైందమ్మా అని, తాళం వేసినాడు.

ఇప్పటికీ అది అక్కడే ఉంది. వకీలును కలిసినాను. ఇచ్చినట్టు కాగితం లేకపోతే కష్టం అన్నాడు, అయినా కేసు వేయించినాను. అత్త రిపోర్టును ఇంగ్లీషులోకి మార్చి, అద్దాల పెట్టెలోని బిళ్ళకు నేను తీసిన ఫొటోలు జత చేసి, ఈ విద్య తెలిసినవాళ్ళు ఎక్కడెక్కడున్నారో వెతికి అందరికీ పంపినాను. జపాను నుంచి ఒక ముసలి పరిశోధకుడు జవాబు రాసినాడు. అచ్చులోదీ ఫొటోలోదీ ఒకటే బిళ్ళ, సందేహం లేదు, ఆమె చెప్పిన చోటు సరైనది, కాలం మాత్రం ఇంకో యాభై ఏళ్ళు వెనక్కి జరపాలి అన్నాడు. ఆ దిద్దుబాటు చదివి ఉంటే అత్త అన్నిటికన్నా ఎక్కువ సంతోషపడేది. ఉత్తరం వచ్చేసరికి ఆమె పోయి తొమ్మిది రోజులు. నేను ఆ జవాబును నోటుబుక్కులో ఆమె రాసిన 'అనుకుంటున్నా' పక్కన అంటించినాను. మిగిలిన పదహారు మా ఇంట్లో ఉన్నాయి. నూలుగుడ్డతో తుడుస్తున్నాను. ఎవరికీ ఇవ్వను.

ఆ రోజు హైదరాబాదు నుంచి తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం రైల్లో పెరుగన్నం పొట్లాలు విప్పినాను. చేయి కడుక్కోమని నీళ్ళ సీసా అందిస్తే అత్త వద్దనింది. కుడి చేయి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తినింది. ఎందుకని అడిగినాను.

"ఇనుము వాసన పోతుంది, నాయనా" అనింది.

పొద్దున మార్కాపురంలో నేను దిగినాను. ఆమె గిద్దలూరు దాకా పోవాలి. ప్లాట్‌ఫారం మీది నుంచి కిటికీలోకి చూస్తే, కండ్లు మూసుకుని, ఆ కుడి అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుని ఉంది. రైలు కదిలినా చేయి దించలేదు.